గోడ వైపు తిప్పిన వ్యాగన్

పోయిన వారం మన పిచ్చుకని బావగారి గుమ్మంలో, కాలింగ్ బెల్ మీద వేలు పెట్టించి వదిలేశాం. పాపం, వారం రోజులుగా ఆ వేలు అక్కడే ఉంది. లోపలికి పంపే ముందు, సంగతి మరిచిపోయినవాళ్ళ కోసం నాలుగు మాటలు.

పిచ్చుకకి పెళ్ళయి ఇంకా మూడు నెలలు నిండలేదు. లేచింది మొదలు కబుర్లాపదని ఆ పేరు పెట్టింది వాళ్ళాయనే. ఆయన కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీస్తాడు. ఇంటికొచ్చాక ఇత్తడి రేకుల కిట్లు ముందేసుకుని, రేకులు వంచి, టంకం పెట్టి, అరచేతిలో పట్టేంత గూడ్సు వ్యాగన్లు కడతాడు. అలా కట్టినవి ఇరవై మూడు, బీరువా పై అరలో రంగులేసుకుని కూర్చున్నాయి. ఇరవై నాలుగోది మాత్రం అడుగున, తాడు కట్టిన పెట్టెలో ఉంది. అది బొగ్గు వ్యాగన్.

బొగ్గు వ్యాగన్‌కి ఒక కొసన తలుపుంటుంది. నిజం బండి అయితే అటు వంచి బొగ్గు కుమ్మరిస్తారు. రెండు పక్కల రేకుల మీదా ఒక ఏటవాలు పట్టీ ఉంటుంది, అది తలుపున్న కొస వైపే వాలాలి. అందుకని ఎడమ పక్క రేకూ కుడి పక్క రేకూ చెప్పుల జత లాంటివి. ఒకదాని చోట ఇంకోటి పనికిరాదు. పెట్టెలో ఉన్న బండికి రెండూ ఎడమవే.

ఆరేళ్ళ కిందట అన్నదమ్ములిద్దరూ కలిసి కొన్న కిట్టు అది. అందులో రెండు బండ్లకి సరిపడా రేకులున్నాయి, అన్నకొకటి తమ్ముడికొకటి. ముక్కలు కత్తిరించి రెండు డబ్బాల్లో పంచింది అన్న. తమ్ముడు ఉత్సాహంగా కట్టుకుంటూ పోయి, రెండో పక్క అతికించాక చూసుకుంటే ఏముంది, రెండూ ఎడమవి. ఆదివారం మోడల్ రైళ్ళ క్లబ్బుకి తీసుకెళ్ళి అన్నకి చూపిస్తే, అందరి ముందూ అన్నగారు అన్న మాట ఇది: "నేను సరిగ్గానే పంచాను. నీ కుడి పక్క ఎక్కడో పారేసుకుని, నా డబ్బాలోంచి ఎడమది తీసుకున్నావు. నీ చేతులకి ఇత్తడి ఎందుకురా, అట్టముక్కలు చాలు." తమ్ముడు "ఇంటికెళ్ళి నీ డబ్బా చూసుకో" అని వచ్చేశాడు. అంతే, మాటల్లేవు. తమ్ముడి పెళ్ళికి కూడా అన్న వచ్చి, ఫోటోకి నిలబడి, ఫోటోలోలాగే నోరు మూసుకుని వెళ్ళిపోయాడు.

ఈ కథంతా విన్న పిచ్చుక, వాళ్ళాయనకి చెప్పకుండా, బుధవారం మధ్యాహ్నం రెండు బస్సులు మారి బావగారింటికి వచ్చింది. ఇదిగో, బెల్లు మోగింది.

తలుపు తీసింది తోడికోడలు. చూసీ చూడగానే "నువ్వా!" అంది, ఆ వెంటనే పిచ్చుక వెనకాల ఇంకెవరైనా ఉన్నారేమోనని మెడ సాచి చూసింది. ఎవరూ లేరు.

"ఒక్కదాన్నే అక్కా."

"రా, రా, లోపలికి రా. ఏమండీ, ఎవరొచ్చారో చూడండి!"

ముందు గదే బావగారి పని గది. ఆయన కట్టుడు పళ్ళు చేస్తాడు. బల్ల మీద, కిటికీలో, గోడకి కొట్టిన అరల్లో, ఎక్కడ చూసినా తెల్లటి అచ్చు దవడలే. పిచ్చుకకి ఒక్కసారిగా ఏ పెళ్ళి గ్రూపు ఫోటోలోకో అడుగుపెట్టినట్టనిపించింది. అంతమంది నవ్వుతున్నారు, మొహాలు మాత్రం లేవు. ఆ నవ్వుల మధ్య నవ్వని మనిషి ఒక్కడే, ఆయన. మోచేతుల దాకా తెల్లపొడి, ముక్కు చివర కళ్ళజోడు.

"ఏమ్మా, ఇలా వచ్చావు?"

పిచ్చుక బస్సులో మూడు రకాల ప్రారంభాలు తయారుచేసుకుంది. మూడూ ఎగిరిపోయాయి. "పన్ను బావగారూ," అంది. "ఇక్కడ, వెనకాల, కొంచెం జిల్లుమంటోంది."

"నేను పళ్ళు చూడనమ్మా. చేస్తాను. మొత్తం ఊడిపోయాక రావాలి నా దగ్గరికి."

"అయితే చాలా తొందరగా వచ్చేశాను."

తోడికోడలు ఫక్కున నవ్వింది. బావగారు నవ్వలేదు గానీ, ముక్కు మీద కళ్ళజోడు కొంచెం పైకి లేచింది. "కూర్చో. చేతులు కడుక్కొస్తాను" అని లోపలికెళ్ళాడు. టీ పెడతానని ఆవిడ వంటింట్లోకి వెళ్ళింది.

గదిలో పిచ్చుక ఒక్కతే మిగిలింది, ఆ నవ్వులన్నిటితో.

అప్పుడు కనిపించింది. పై అరలో, రెండు దవడల మధ్య, గోడకి ఆనించి, బొగ్గు వ్యాగన్. బూడిద రంగు, తెల్లటి అంకెలు, అంచు దగ్గర నిజం తుప్పేనా అనిపించే గోధుమ రంగు మరక. ఎంత బాగుందో! పిచ్చుక చేతులు వెనక్కి కట్టుకుని చూసింది. ఏటవాలు పట్టీ తలుపున్న కొస వైపే వాలింది. సరిగ్గా ఉంది. అన్న బండి సరిగ్గా ఉందంటే, మరి తప్పు...

చేతులు వెనక్కి కట్టుకోవడం ఆమె స్వభావం కాదు. స్టూలెక్కి, రెండు వేళ్ళతో బండిని తీసి, ఇటు తిప్పింది.

అటువైపు రంగే లేదు. వట్టి ఇత్తడి, ఆరేళ్ళ గాలికి నల్లబడింది. ఏటవాలు పట్టీ తలుపున్న కొసకి వీపు తిప్పి, తలుపు లేని కొస వైపు వాలి ఉంది.

రెండూ కుడివే.

ఆమె స్టూలు మీద అలాగే నిలబడిపోయింది. వెనక తువ్వాలుతో చేతులు తుడుచుకుంటున్న చప్పుడు ఆగిపోయింది.

"దాన్ని తిప్పకూడదమ్మా," అన్నాడు బావగారు. గొంతులో కోపం లేదు. చాలాసేపు నిలబడ్డ మనిషి కూర్చునే ముందు మాట్లాడినట్టుంది.

"తిప్పేశాను బావగారూ."

"ఊ."

"మీ డబ్బాలో రెండు కుడివి. మా ఆయన డబ్బాలో రెండు ఎడమవి. మీరు పంచడంలోనే..."

"చూస్తున్నావుగా."

తోడికోడలు టీ కప్పులతో వచ్చింది. మొగుడి మొహం చూసింది, స్టూలు మీదున్న పిల్లని చూసింది, పిల్ల చేతిలో బండిని చూసింది. ట్రే బల్ల మీద పెట్టి దగ్గరికొచ్చింది.

"ఇదేంటి? ఆరేళ్ళుగా వారం వారం దీని దుమ్ము దులుపుతున్నాను. తిప్పొద్దు, అటువైపు రంగు పోతుంది అన్నారు. అటువైపు అసలు రంగెక్కడుంది?"

బావగారు తన స్టూలు మీద కూర్చున్నాడు. టీ కప్పు అందుకున్నాడు గానీ తాగలేదు.

"ఆ రోజు క్లబ్బులో వాణ్ణి అన్నాను కదా. ఇంటికొచ్చి నా డబ్బా తెరిచాను. ఆ సాయంత్రమే. తెరవగానే కనపడింది."

"ఆ సాయంత్రమేనా!" అంది ఆవిడ.

"వెంటనే వెళ్ళి చెప్దామని చొక్కా వేసుకున్నాను. పెద్ద వాన. తగ్గాక వెళ్దామనుకున్నాను. మర్నాడు పని. ఆ తర్వాత నాలుగు రోజులు గడిచాయి. నాలుగు రోజులు ఎందుకాగావంటాడు కదా అనిపించింది. వారమయ్యేసరికి ఇంకా కష్టమైంది. నెలయ్యాక..." కప్పు కింద పెట్టాడు. "నెలయ్యాక ఇక చెప్పడానికి మొహమెక్కడుంది? బండి కట్టేశాను. తప్పుగా ఉన్న వైపు గోడకి తిప్పాను. గోడ ఎవరికీ చెప్పదు కదా."

"వాడు మీకన్నా ఎనిమిదేళ్ళు చిన్నవాడండీ," అంది ఆవిడ నెమ్మదిగా. "మీరే నేర్పారు వాడికి రేకు పట్టుకోవడం."

ఆయన లేచి, పిచ్చుక చేతిలోంచి బండి తీసుకుని, బల్ల మీద తెల్లటి దీపం వేసి, సోల్డరింగ్ ఐరన్ ప్లగ్గులో పెట్టాడు. పిచ్చుక స్టూలు దిగి చూసింది. తడిపిన దూది తీసుకుని బండి అడుగునా, కొసల దగ్గరా ఒత్తిపెట్టాడు, వేడికి మిగతా అతుకులు ఊడకుండా. ఐరన్ మొన అతుకు వెంట నడిచింది. నడిచిన మేర టంకం మెరిసి, కరిగి, పక్కకి జరిగింది. రంగు లేని పక్క రేకు, పిల్లలకి పాలపన్ను ఊడినట్టు, ఏ చప్పుడూ లేకుండా ఆయన పట్టకారులోకి వచ్చేసింది.

ఎంత మంచి చెయ్యి! పిచ్చుకకి చప్పట్లు కొట్టాలనిపించింది. ఇదేం సమయం అని తనని తనే కసురుకుంది.

ఆయన రేకుని తెల్ల కాగితంలో మడిచి ఆమె చేతిలో పెట్టాడు.

"తీసుకెళ్ళు. వాడి బండికి కావలసిన కుడి పక్క ఇదే. పెట్టె అడుగున, అట్టకింద ఇరుక్కుని దొరికిందని చెప్పు."

"అలాగే బావగారూ," అనేసింది పిచ్చుక సంతోషంగా. గుమ్మం దాకా వెళ్ళి చెప్పుల్లో కాలు పెట్టింది. ఒక కాలు పెట్టాక అర్థమైంది.

వెనక్కి తిరిగింది.

"ఈయన పెట్టెలోనే దొరికిందంటే, పారేసుకుంది ఈయనేనన్నట్టేగా? మీ డబ్బాలోది తీసుకున్నదీ ఈయనేనన్నట్టేగా? ఆ రోజు మీరన్నదంతా నిజమే అయిపోతుంది కదా బావగారూ."

గదిలో దవడలన్నీ నవ్వుతూనే ఉన్నాయి.

"వాడికదేం పెద్ద లెక్క కాదమ్మా," అన్నాడు ఆయన, కిటికీ వైపు చూస్తూ. "చిన్నవాడు. తప్పు నాదే అన్నయ్యా అని రెండు నిమిషాల్లో అనేస్తాడు. వాడే వస్తాడు. అందరం కలుస్తాం. నీకు కావలసింది అదే కదా?"

"మీకు సిగ్గుగా లేదూ!" అంది తోడికోడలు. అరవలేదు. అరిచినా బాగుండేది.

"ఉంది," అన్నాడు ఆయన. "అందుకే అలా చెప్పమంటున్నాను."

పిచ్చుక కాగితం పొట్లం వెనక్కి ఇవ్వలేదు, తీసుకుంటానని మళ్ళీ అనలేదు. రెండో చెప్పు వేసుకుని మెట్లు దిగింది.

బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. మామూలుగా అయితే అదే పండగ ఆమెకి. ఇవాళ ఒళ్ళో హ్యాండ్‌బ్యాగు పట్టుకుని కూర్చుంది. లోపల ఎంత తేలికైన రేకు! అది కూడా బరువేనా?

నిజం చెప్పాలంటే మూడో స్టాపు దాకా ఆమె అబద్ధం ఆడేద్దామనే అనుకుంది. ఎంత తేలిక! "ఇదిగో దొరికింది" అంటే చాలు. వాళ్ళాయన మొహం విప్పారుతుంది, గబగబా చొక్కా వేసుకుంటాడు, రాత్రికల్లా నలుగురూ ఒకే బల్ల చుట్టూ కూర్చుంటారు. తోడికోడలితో కబుర్లు, దవడల గదిలో నవ్వులు. ఒక్క చిన్న మాటకి ఇంత!

నాలుగో స్టాపులో ఒకావిడ పిల్లాడికి చెప్పులు తొడుగుతూ "ఇది ఏ కాలిదిరా?" అనడిగింది.

పిచ్చుక మనసు చటుక్కున ఇంటికి వెళ్ళిపోయింది. వాళ్ళాయన బల్ల దగ్గరికి. ఆయన ఏ ముక్క కత్తిరించే ముందైనా పెన్సిలుతో దానిమీద 'ఎ' అనో 'కు' అనో రాస్తాడు. రాశాక పైకెత్తి ఆమెకి చూపించి "ఇది ఏ పక్క?" అంటాడు. "కుడి" అంటుందామె. "మళ్ళీ చూసి చెప్పు." "కుడే బాబూ!" "మూడోసారి." మూడోసారి చెప్పాక గానీ కత్తెర పట్టడు. పెళ్ళయిన కొత్తలో ఇది తనతో ఆడే ఆట అనుకుంది. కావాలని "ఎడమ" అని ఏడిపించేది కూడా. ఒకసారి అలా అన్నప్పుడు ఆయన మొహం పాలిపోవడం చూసి, ఎంత బాగా నటిస్తున్నాడో అనుకుని విరగబడి నవ్వింది.

ఆట కాదది. ఆయనకి తన చేతుల మీద నమ్మకం లేదు. ఆరేళ్ళుగా లేదు.

ఆమె దిగాల్సిన స్టాపు దాటిపోయింది. ఒక స్టాపు దూరం వెనక్కి నడిచి వచ్చింది.

ఆయన అప్పటికే షాపు నుంచి వచ్చి బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. నుదుటి మీద భూతద్దం పట్టీ, వేళ్ళ మధ్య చక్రాల జత. ఆమెని చూసి మొహమంతా నవ్వాడు. ఆ నవ్వు చూస్తే రోజూ ఆమెకి మెట్లు రెండేసి చొప్పున ఎక్కి రావాలనిపిస్తుంది.

"ఏ చెట్టు మీద వాలొచ్చిందండీ పిచ్చుక?"

"మీరెప్పుడొచ్చారు?"

ఆయన చక్రాలు కింద పెట్టాడు. "మీరా? పదకొండు రోజులైంది మనం 'నువ్వు'లోకి దిగి. ఏం పగలగొట్టావు?"

"ఏమీ పగలగొట్టలేదు."

"మరి?"

ఆమె హ్యాండ్‌బ్యాగు తెరిచి, పొట్లం తీసి, బల్ల మీద పెట్టింది. ఏమీ చెప్పలేదు. ఇంటికి వచ్చి ఏమీ చెప్పకుండా అర నిమిషం నిలబడడం ఆమె జీవితంలో ఇదే మొదటిసారి.

ఆయన కాగితం విప్పాడు. చూశాడు. భూతద్దం కళ్ళ మీదికి దింపుకున్నాడు.

"కుడి పక్క," అన్నాడు మెల్లగా. "ఆ కిట్టుదే. ఎక్కడ..." అని, రేకుని దీపం కిందికి తెచ్చి, వెనక్కి తిప్పాడు. అంచు వెంట సన్నటి టంకం గీత. గోటితో మెల్లగా రాసి చూశాడు. "అతికించి ఊడదీసింది ఇది. ఇవాళే ఊడదీశారు. ఇంత సన్నగా టంకం పెట్టే చెయ్యి నాకు తెలిసి ఒక్కటే ఉంది."

తలెత్తి పిచ్చుక వైపు చూశాడు.

"అన్నయ్య దగ్గరికి వెళ్ళావా?"

ఆమె తలూపింది.

"నాతో ఏం చెప్పమన్నాడు?"

పిచ్చుక పొట్లం కాగితం అంచు మడిచి, మళ్ళీ విప్పింది.

"పెట్టెలో అట్టకింద దొరికిందని చెప్పమన్నారు," అంది. "మూడో స్టాపు దాకా అదే చెప్దామనుకున్నాను. నువ్వు అన్నయ్య దగ్గరికి వెళ్ళిపోతావు, అందరం బాగుంటాం అని. తర్వాత చెప్పలేననిపించింది. ఆయన బండికి రెండూ కుడివే. గోడ వైపు తిప్పి పెట్టుకున్నారు. ఆ రోజు సాయంత్రమే చూసుకున్నారట."

"ఆ రోజు సాయంత్రమేనా?"

"వానట."

ఆయన భూతద్దం పట్టీ తలమీంచి తీసి బల్ల మీద పెట్టాడు. జుట్టు మీద దాని చార అలాగే ఉంది. రేకు మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. ఆ తర్వాత ఆమెతో కాదు, చేతిలోని రేకుతో మాట్లాడినట్టుంది.

"డబ్బా చూసుకోమని చెప్పి వచ్చాను కదా. వారం రోజులు తలుపు వైపే చూశాను. తప్పు తనదైతే అన్నయ్య వచ్చి చెప్తాడు, అన్నయ్య అలాంటివాడే. రాలేదు. రాలేదంటే తప్పు నాదే అయ్యుంటుందనుకున్నాను. ఇద్దరం ఒకే బల్ల మీద పనిచేసేవాళ్ళం, డబ్బాలు పక్కపక్కనే ఉండేవి. ఎప్పుడో పరధ్యానంలో నేనే తీశానేమో అనుకున్నాను. ఎంత గుర్తు చేసుకున్నా గుర్తు రాలేదు." కొంచెం నవ్వాడు. "చెయ్యనిది ఎలా గుర్తొస్తుంది!"

పిచ్చుక వెళ్ళి ఆయన భుజానికి గడ్డం ఆనించింది. ఏడవలేదు. ఏడిస్తే టంకం మీద పడుతుందని భయం.

కాసేపటికి ఆయన లేచి, బీరువా అడుగున ఉన్న పెట్టె తీశాడు. తాడు ముడి విప్పడానికి ఓపిక లేక కత్తిరించాడు. బొగ్గు వ్యాగన్ బయటికి తీసి, ఐరన్ వేడి చేసి, దూది తడిపి, అచ్చం అన్నలాగే అతుకుల దగ్గర ఒత్తిపెట్టాడు.

"ఏం చేస్తున్నావు?"

"ఒక ఎడమ పక్క తీస్తున్నాను. అన్నయ్య బండికి ఇప్పుడు ఒక పక్క లేదు కదా. ఇది తీసుకుని అది ఇవ్వకపోతే ఎలా?"

పిచ్చుక మొహం దీపంలా వెలిగింది. ఎంత సులువుగా అయిపోయింది! "నేను తీసుకెళ్ళిస్తా! ఇప్పుడే వెళ్తా!"

"ఇద్దువుగాని. ఇచ్చి, నా మాటగా ఒకటి చెప్పు." రేకు ఊడింది. పట్టకారుతో దీపం కింద పెట్టాడు. గొంతు మెత్తగానే ఉంది, కానీ ఆ మెత్తదనంలో అటూ ఇటూ జరగనిదేదో ఉంది. "ఇంట్లో కూర్చుని నా చెవిలో చెప్తే నాకు వద్దు. అన్నది క్లబ్బులో, అందరి ముందు. ఆ మాట వెనక్కి తీసుకునేదీ అక్కడే, అందరి ముందు. అప్పటిదాకా నేను రాను. ఆయన రానక్కర్లేదు."

పిచ్చుక మొహంలో దీపం తగ్గింది. దవడల గదిలో కిటికీ వైపు చూస్తూ "సిగ్గు ఉంది" అన్న మనిషి కళ్ళముందు మెదిలాడు. ఆ మనిషి పదిమంది ముందు నిలబడతాడా? ఒక్క తమ్ముడి ముందు నిలబడలేక ఆరేళ్ళు గోడ చాటు చేసుకున్న మనిషి!

"నువ్వు చాలా..." అని మొదలుపెట్టింది. చాలా మొండి అనాలో, చాలా న్యాయం అనాలో తేలలేదు. అంతలో ఆమె ఫోను మోగి ఆగింది. మెసేజ్. తోడికోడలు. పిచ్చుక పైకి చదివింది.

"మీ బావగారు ఆ బండి పట్టుకుని వెళ్ళిపోయారు. ఒక పక్క లేకుండానే. ఎక్కడికండీ అంటే, ఇవాళ బుధవారం కదా అన్నారు. అంతే చెప్పారు."

ఇద్దరూ గడియారం చూశారు. ఆరు కావడానికి పది నిమిషాలుంది. క్లబ్బు ఆదివారాలే కాదు, బుధవారాలు కూడా తెరుస్తారు. ఆరింటికి.

ఆయన ఐరన్ ప్లగ్గు పీకాడు. ఊడదీసిన ఎడమ పక్కని కాగితంలో మడిచి జేబులో పెట్టుకున్నాడు, మళ్ళీ తీసి పిచ్చుక చేతిలో పెట్టాడు. "నువ్వు పట్టుకో," అన్నాడు. చొక్కా బొత్తాలు ఒకటి తప్పి ఇంకోదానికి పెట్టుకున్నాడు. పిచ్చుక చూసింది, చెప్పలేదు. చెబితే విప్పి మళ్ళీ పెట్టుకుంటూ నిలబడతాడు, నిలబడితే ఆలోచిస్తాడు.

సైకిలు షాపు పైన ఒక్క గది, అదే క్లబ్బు. పక్క సందులోంచి ఇనుప మెట్లు. వాళ్ళు చేరేసరికి పైన లైట్లు వెలుగుతున్నాయి, తలుపు బార్లా తీసి ఉంది. చిన్న రైలేదో పట్టాల మీద గిరగిరా తిరుగుతున్న చప్పుడు. ఎవరో దాన్ని ఆపారు.

ఆయన మెట్లెక్కడం మొదలుపెట్టాడు. వెనకాల పిచ్చుక, పొట్లం గుండెకి హత్తుకుని. అయిదో మెట్టు మీద ఉండగా పైనుంచి గొంతు వినిపించింది. అన్నగారిదే, స్పష్టంగా ఉంది.

"ఒక్క నిమిషం అందరూ ఇటు వినండి. ఆరేళ్ళ కిందట, ఇదే గదిలో, మీ అందరి ముందూ మా తమ్ముణ్ణి నేనొక మాట అన్నాను."

ఆయన ఆగిపోయాడు.

పైన కుర్చీలు జరిగాయి. ఎవరో దగ్గారు. తర్వాత ఇంకో గొంతు, క్లబ్బు పెద్దాయనది కాబోలు, నిజంగానే ఆశ్చర్యపోతూ అడిగింది.

"ఏం మాటండీ? మాకెవరికీ గుర్తు లేదే!"

గదిలో ఒకరిద్దరు "అవును, ఏం మాట?" అన్నారు. ఎవరో తేలిగ్గా నవ్వారు. "పోనిద్దురూ, ఎప్పటిదో!" అంది ఇంకో గొంతు.

ఇప్పుడా మాటేమిటో అన్నగారే తన నోటితో మళ్ళీ చెప్పాలి. అయిదో మెట్టు మీద తమ్ముడు కదలలేదు. వెనక నిలబడ్డ పిచ్చుక ఆయన వీపు వైపు చూస్తూ, పైనుంచి వచ్చే తర్వాతి మాట కోసం చెవులు రిక్కించింది.